సూరత్ మేడల మీద రెండు రోజుల ఆటగాళ్లు

జనవరి 14వ తేదీ తెల్లవారేసరికి సూరత్ నగరంలో ఒక వింత జరుగుతుంది. ఏడాది పొడుగునా రేయింబవళ్లు టకటకలాడే మరమగ్గాలు ఆగిపోతాయి. వజ్రాలకు సానపట్టే చక్రాలు నిలిచిపోతాయి. జౌళి బజారులో దుకాణాల తలుపులు మూతబడతాయి. నగరం నగరమంతా మేడ మెట్లెక్కి, పిట్టగోడల వెనుక నిలబడి, మెడ వెనక్కి విరిచి ఆకాశం వైపు చూస్తుంది. వీధుల్లో మిగిలేది కుక్కలు, పోలీసులు, తెగిన గాలిపటం కోసం చివర ముళ్లకంప కట్టిన గడలు పట్టుకుని పరుగెత్తే పిల్లలు మాత్రమే.

గుజరాతులో సంక్రాంతిని ఉత్తరాయణ్ అంటారు. మరునాటి పండుగకు 'వాసీ ఉత్తరాయణ్' అని పేరు. వాసీ అంటే చద్ది. తెలుగువారికి కనుమ ఎలాగో సూరత్‌వారికి ఈ చద్ది ఉత్తరాయణం అలాగు. మొదటి రోజున ఓడినవారంతా పగ తీర్చుకునేందుకు ఏర్పడిన రోజు అది. అహమ్మదాబాదులో 1989 నుంచి అంతర్జాతీయ గాలిపటాల ఉత్సవం జరుగుతున్నది. దేశదేశాలవారు వచ్చి ఏనుగంత పటాలను, పాములవలె మెలికలు తిరిగే పటాలను ఎగరేస్తారు. చూడడానికి అది ముచ్చటే. కాని సూరత్‌వాసికి అది వేడుక మాత్రమే, ఆట కాదు. రెండు దారాలు పెనవేసుకుని వాటిలో ఒకటి తెగితేనే ఆట. దానికి మైదానం తన మేడే.

తాపీ నది ఒడ్డున ఉన్న ఈ నగరం ఒకప్పుడు మొగలాయి సామ్రాజ్యానికి సముద్ర ద్వారం. నది పక్కన ఇప్పటికీ నిలిచి ఉన్న కోట 1546లో పూర్తి అయినది. 1608లో ఆంగ్లేయుల ఓడ హెక్టర్ ఇక్కడి రేవుకు వచ్చింది. కొద్ది సంవత్సరాలకే వారు కొఠీ కట్టుకున్నారు. శివాజీ 1664లోను, మళ్లీ 1670లోను ఈ నగరాన్ని కొల్లగొట్టాడు. ఆ పిమ్మట వ్యాపారం బొంబాయికి తరలిపోయినా సూరత్ పని మానలేదు. జరీ, పట్టు, ఆపైన నైలాన్, పాలియెస్టర్ బట్టలు, వజ్రాలు, ఇలా ఒకదాని తరువాత ఒకటి చేతికి తీసుకుంటూ వచ్చింది. ఆంగ్లేయులు 1829లో కలకత్తాలో గోల్ఫ్ క్లబ్బు నెలకొల్పారు. బ్రిటిష్ దీవుల వెలుపల అంత పాత గోల్ఫ్ క్లబ్బు మరొకటి లేదంటారు. అంతకు రెండు శతాబ్దాల ముందే వారు దిగిన సూరత్‌లో మాత్రం జనాన్ని పట్టుకున్న ఆట గాలిపటమే. దానికి పచ్చిక బయలు అక్కరలేదు, చందా అక్కరలేదు, ప్రత్యేకమైన బూట్లు అక్కరలేదు.

అయినా ఈ రెండు ఆటల ఔత్సాహికులూ దాయాదులే. లోకంలో సలహాల పుస్తకాలు అన్నిటికంటె ఎక్కువగా వెలసిన ఆట బహుశా గోల్ఫ్. ఆదివారం ఉదయం క్లబ్బుకు పోయి బంతిని చెట్లలోకి కొట్టే డాక్టరు, వకీలు, వ్యాపారి వారంలో ఆరు రోజులు ఆ పుస్తకాలు చదువుతారు, ఏడవ రోజున మరచిపోతారు. తల దించి ఉంచమంటే ఎత్తుతారు, నెమ్మదిగా తిప్పమంటే విసురుతారు. సూరత్ మేడ మీది ఆటగాడు చేసేదీ ఇంతే. కాకపోతే గోల్ఫ్ ఆడేవారికి ఏడాదికి యాభైరెండు ఆదివారాలున్నవి, ఇతనికి ఉన్నవి రెండే రోజులు. మిగిలిన మూడువందల అరవైమూడు రోజులూ తాను నిపుణుడనే నమ్మకం చెక్కుచెదరదు. ఆ నమ్మకం 14వ తేదీ ఉదయం ఏడు గంటలకు మేడ ఎక్కుతుంది, ఏడుంబావుకు మొదటి పటంతోపాటు తెగిపోతుంది.

ఇతని కోసం ఎవరూ పుస్తకం రాయలేదు. పక్క మేడల పెద్దలు అరచి చెప్పే మాటలే ఇతనికి శాస్త్రం. వాటిలో పనికివచ్చేవి లేకపోలేదు.

మొదటి మాట పటం ఎంపికను గురించి. పండుగకు ముందు రాత్రి డబ్గర్‌వాడ్‌లో కాలు పెట్టడానికి చోటుండదు. సూరత్ పాత నగరంలో గాలిపటాలకు, మాంజాకు పేరుపడిన బజారు అది. ఖంభాత్‌లో తయారయ్యే పటాలకు గుజరాతంతటా మంచి పేరు. అవీ ఇక్కడికి వస్తాయి. ఔత్సాహికుడు రంగు చూసి, బొమ్మ చూసి, సినిమా తార ముఖం చూసి కొంటాడు. తెలిసినవాడు పటాన్ని వెలుతురుకు ఎత్తి వెదురుపుల్లలను చూస్తాడు. నిలువు పుల్ల వంకర లేకుండా ఉన్నదా, విల్లువలె వంగిన అడ్డ పుల్ల రెండు పక్కలా ఒకే మందంతో ఉన్నదా అని వేళ్లతో తడిమి చూస్తాడు. పటం నెత్తి మీదనే వేలితో మోపి నిలబెడితే ఏ పక్క బరువో తెలిసిపోతుంది. ఇరవై పటాల కట్ట కొన్నప్పుడు అందులో నాలుగైదు పనికిరానివి ఉండడం సహజం. వాటిని పిల్లలకు ఇచ్చి ఉదారుడనిపించుకోవడం కూడ ఆ నగరపు సంప్రదాయమే.

తరువాతది కిన్నా. పటానికి పుల్లలు కలిసేచోట ఒకటి, కింద తోక దగ్గర ఒకటి రంధ్రాలు చేసి కట్టే దారాన్ని అక్కడ కిన్నా అంటారు. పండుగకు ముందు రాత్రి సూరత్ ఇళ్లలో కుటుంబమంతా చాప మీద కూర్చుని కిన్నాలు కడుతుంది. ఇది చూడడానికి చిన్న పని. కాని పటం తల ఎత్తుకుని నిలుస్తుందా, గింగిరాలు కొట్టి కింద పడుతుందా అనేది ఈ ముడిలోనే తేలుతుంది. గోల్ఫ్‌లో బంతి కొట్టకముందే నిలబడే తీరులో సగం ఆట నిర్ణయమై పోతుందంటారు. ఇక్కడ కూడ ఓటమి చాలాసార్లు ముందు రాత్రి చాప మీదనే మొదలవుతుంది, తెలిసేది మాత్రం మరునాడు.

అంతా సరిగా కట్టినా పటం ఒక పక్కకే ఒరుగుతుంటే దానికి మందున్నది. ఏ పక్కకు ఒరుగుతున్నదో దానికి ఎదుటి పక్కన అడ్డ పుల్ల చివర చిన్న కాగితపు ముక్కో, దారపు పేలికో కట్టాలి. దీనిని కన్ని అంటారు. కొత్తవాడు ఎప్పుడూ దానిని తప్పు పక్కన కడతాడు. పటం మరింత ఒరుగుతుంది. అప్పుడతడు పటం అమ్మినవానిని తిడతాడు.

పటం ఎందుకు తిరుగుతుందో, ఎందుకు నిలుస్తుందో ఒకసారి తెలుసుకుంటే సగం సలహాలు అక్కరలేదు. పోరాడే పటానికి తోక ఉండదు. దారం బిగువుగా ఉన్నంతసేపు గాలి ఒత్తిడికి అడ్డ పుల్ల వెనక్కి వంగి పటం పడవ ఆకారం పొందుతుంది, నిలకడగా తల చూపిన దిక్కుకే దూసుకుపోతుంది. దారం వదులు చేసిన వెంటనే పుల్ల చాచుకుని పటం పలకవలె అయిపోతుంది, నిలకడ పోయి తిరగడం మొదలుపెడుతుంది. ఆటంతా ఈ రెండింటి మధ్య ఉన్నది. పటం తల కావలసిన వైపుకు తిరిగినదాకా వదలాలి, తిరిగిన క్షణాన లాగాలి. ఔత్సాహికుని చేతులు దీనికి సరిగ్గా విరుద్ధంగా పని చేస్తాయి. పటం నేల వైపు తల తిప్పిందంటే అతడు భయపడి గట్టిగా లాగుతాడు. అది అతని ఆజ్ఞను శిరసావహించి మరింత వేగంగా నేలకు దిగుతుంది. ఆ సమయంలో చేయి తెరిచి దారం వదలడం ఎంత కష్టమో, ఇసుక గుంటలో పడిన గోల్ఫ్ బంతిని మెల్లగా కొట్టడం అంత కష్టం.

గాలిని చదవడానికి యంత్రాలు అక్కరలేదు. ఎదురు మేడ మీద ఆరవేసిన చీరలు చాలు. సూరత్‌కు పడమట కొద్ది దూరంలోనే సముద్రమున్నది. ఉదయం ఒక దిక్కునుంచి వీచిన గాలి ఎండ ఎక్కిన తరువాత మరొక దిక్కుకు మళ్లడం ఇక్కడ అరుదు కాదు. ఉదయం గెలిచిన మూలలోనే మధ్యాహ్నం కూడ పంతంగా నిలబడి ఓడిపోయేవారు ప్రతి మేడ మీదా ఒకరుంటారు. సాధారణంగా ఆ ఇంటి పెద్దాయన ఆయనే. ఆయనకు చోటు మారమని చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు.

ఇక పోరాటం. సూరత్‌లో దీనిని 'పేచ్' అంటారు. ఇందులో రెండు మార్గాలున్నవి. ఒకటి ఢీల్, అనగా దారం వదులుతూ పోవడం. రెండవది ఖెంచ్, అనగా వడిగా లాగడం. ఏ మార్గంలోనైనా సూత్రం ఒకటే. పరుగెత్తే దారం కోస్తుంది, ఆగిన దారం తెగుతుంది. పరుగెత్తే దారానికి రాపిడి పొడుగునా పంచుకుపోతుంది. కదలని దారానికి ఒకే చోట రాపిడి పడుతుంది. అందుచేత దారాన్ని గుప్పిట బిగించి ఆపినవాడు తన పటాన్ని తానే తెంచుకున్నట్లు. పందెం ముదిరినకొద్దీ పిడికిలి బిగుసుకోవడం మనిషి స్వభావం. పక్క మేడ పెద్దలు 'ఢీల్ దే, ఢీల్ దే' అని గొంతు చించుకుని అరిచేది దీనికే. అమెరికా దేశపు గోల్ఫ్ ఆటగాడు శామ్ స్నీడ్ కర్రను ఎలా పట్టుకోవాలన్న ప్రశ్నకు చేతిలో చిన్న పిట్టను పట్టుకున్నట్లు పట్టుకోమనేవాడట. ఎగిరిపోకూడదు, నలిగిపోనూ కూడదు. సూరత్ మేడల మీద ఆయన పేరు ఎవరూ విని ఉండరు. కాని మంచి ఆటగాని చూపుడువేలి మీదుగా దారం జారే తీరు చూస్తే ఆ పోలిక వెంటనే బోధపడుతుంది.

ఈ వేలి సంగతి కూడ చెప్పుకోవాలి. మాంజా వేలిని కోస్తుంది. మొదటి గంటలోనే చూపుడువేలి కణుపు మీద ఎర్రని గీత పడుతుంది. అందుకే ఉత్తరాయణానికి ముందు మందుల షాపుల్లో వేలికి చుట్టుకునే అంటుపట్టీలు విరివిగా అమ్ముడుపోతాయి. ఏమీ చుట్టుకోకపోవడమే శౌర్యమనుకునే యువకులున్నారు. 16వ తేదీన వజ్రానికి సానపట్టేటప్పుడు ఆ శౌర్యం మంట పుట్టిస్తుంది.

ఆటగాని వెనుక ఫిర్కీ పట్టుకుని మరొక వ్యక్తి నిలబడి ఉంటాడు. హైదరాబాదులో చరఖా అనేది ఇక్కడ ఫిర్కీ. ఆ పని చాలా ఇళ్లలో చెల్లెలిదో, భార్యదో, తమ్ముడిదో అవుతుంది. దారం వదిలేటప్పుడు ఫిర్కీ సాఫీగా తిరగనివ్వాలి, పటం తెగిన వెంటనే మిగిలిన దారాన్ని ఎవరూ పట్టుకోకముందే చుట్టేయాలి. గెలిస్తే కేకలు వేసేది ముందున్నవాడు. ఓడితే నింద ఫిర్కీది. గోల్ఫ్‌లో కర్రల సంచి మోసే క్యాడీ పరిస్థితీ ఇంతే గాని అతనికి కూలి దొరుకుతుంది, పైగా ఒక గౌరవమున్నది. పోటీలో ఆటగాడు సలహా అడగదలిస్తే తన క్యాడీనో, జట్టు భాగస్వామినో తప్ప మరొకరిని అడగరాదని అక్కడ నియమం. సూరత్‌లో ఈ నియమం తలకిందులు. చుట్టుపక్కల నలభై మేడలవారూ సలహా చెబుతారు. అడగనిది ఫిర్కీ పట్టిన మనిషి ఒక్కరినే. ఆ మనిషికి వెనకనుంచి ఆకాశమంతా కనిపిస్తుంది, ఏ మూలనుంచి ఏ పటం వస్తున్నదో ముందే తెలుస్తుంది. ఏడాదికొకసారైనా చోట్లు మార్చుకుని చూసిన దంపతులకు ఈ సత్యం తెలుస్తుంది, కొన్నిచోట్ల తెలిసింది కూడ.

పటం తెగిన క్షణాన మేడ మేడంతా 'కాప్యో ఛే!' అని అరుస్తుంది. తెంచితిమి అని అర్థం. ఓడినవానిని 'లపేట్, లపేట్' అని ఎగతాళి చేస్తారు, అంటే దారం చుట్టుకో అని. పళ్లేలు మోగుతాయి, బూరలు ఊదుతారు. లింబాయత్ ప్రాంతపు మేడలలో ఈ గోలలో తెలుగు కూడ కలుస్తుంది. తెలంగాణ జిల్లాలనుంచి పద్మశాలి నేతగాళ్లు పెక్కు కుటుంబాలు బతుకుతెరువు వెదుక్కుంటూ సూరత్ మరమగ్గాల వద్దకు చేరాయి. నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమం కూడ ఉన్నదంటే ఆ సంఖ్య ఊహించుకోవచ్చు. హైదరాబాదు మేడల మీద పటం తెగితే 'అఫా' అని అరుస్తారు. ఆ కేకకు అలవాటు పడిన గొంతుకు ఇక్కడ పక్క మేడవారి భాషలో అరవక తప్పదు. ఓడినప్పుడు మాత్రం మాతృభాషలోనే మాటలు వస్తాయి.

సాకుల విషయంలో అన్ని భాషలవారూ సమానులే. గాలి లేదు, గాలి ఎక్కువ, ఎండ కళ్లల్లో పడింది, మాంజా మోసం, వెనుకనుంచి మూడో పటం వచ్చి కలిసింది. గోల్ఫ్ క్లబ్బు వరండాలో సాయంత్రం వినిపించే జాబితా కూడ దాదాపు ఇదే. అయితే గోల్ఫ్ ఆటగానికి ఒక సౌకర్యమున్నది. పోయిన బంతిని వెదకడానికి అతనికి నియమావళి మూడు నిమిషాలు ఇస్తుంది. 2019కి ముందు అయిదు నిమిషాలుండేవి. గాలిపటానికి ఆ దయ లేదు. తెగిన పటం దొరికినవానిది. తన కళ్లముందే తన పటాన్ని ఎదురు వీధి కుర్రవాడు ఎగరేయడం, దానితోనే తన రెండో పటాన్ని తెంచడం చూసి ఊరుకోవలసిందే.

మధ్యాహ్నానికి వంటింటినుంచి ఊంధియు వస్తుంది. సూర్తీ పాప్డీ చిక్కుళ్లు, కంద, చిలగడదుంప, లేత వంకాయలు, మెంతికూర ఉండలు, పచ్చి వెల్లుల్లి, కొత్తిమీర, కొబ్బరి వేసి నూనెలో మగ్గించిన కూర అది. పక్కన జిలేబి. ఈ చలికాలంలోనే జొన్న పాలకంకులను కాల్చి రాల్చిన పోంక్‌ను కారప్పూసతో కలిపి తింటారు. సూరత్‌లో భోజనం, కాశీలో మరణం దొరకాలని గుజరాతీ సామెత. ఆటకు సంబంధించినంతవరకు ఈ సామెత ప్రమాదకరం. రెండవసారి వడ్డించుకున్న ఆటగాడు మధ్యాహ్నం నాలుగు దాకా ఎవరి పటాన్నీ తెంచిన దాఖలా లేదు. నూనె చేతులతో దారం పట్టుకుంటే వేలి మీద అది ఆగదు. చేతులు కడిగి, పొడిగుడ్డతో తుడిచి మేడ ఎక్కమని ఇంటి ఆడవారు చెప్పే మాట ఆ రోజు దొరికే సలహాలన్నిటిలోకి మేలైనది. చాలామంది వినిపించుకోరు.

ఇంతవరకు చెప్పినదంతా పటం పోతే పోయే ఆటను గురించి. దారం సంగతికి వస్తే నవ్వు తగ్గుతుంది.

సూర్తీ మాంజాకు గుజరాతంతటా పేరున్నది. తెల్లని నూలు దారాన్ని ఆరు పోగులు, తొమ్మిది పోగులు, పన్నెండు పోగులు అని లెక్క కట్టి ఎంచుకుంటారు. గజాల లెక్కన వెయ్యి, రెండువేల అయిదువందలు, అయిదువేలు చుట్టిస్తారు. జిగురు, రంగు, మెత్తని గాజుపొడి కలిపిన ముద్దగుండా దారాన్ని నడిపించి ఆరబెడతారు. పండుగకు నెల ముందునుంచే రోడ్ల పక్కన గులాబి రంగు దారాలు తిరిగే పెద్ద చక్రాలు కనిపిస్తాయి. ఉత్తరప్రదేశ్ నుంచి కూడ కార్మికులు ఈ పనికి గుజరాతుకు వస్తారు. వారి వేళ్లకు గుడ్డపీలికలు చుట్టి ఉంటాయి. అయినా కోతలు తప్పవు. ఏడాదిలో ఈ కొన్ని వారాల సంపాదనే చాలా కుటుంబాలకు ఆధారం.

నూలు మాంజాకు ఒక గుణమున్నది. అది తెగుతుంది. తెగడానికే ఈ ఆట పుట్టింది. నైలాన్ దారం సంగతి వేరు. చైనా మాంజా అని జనం పిలిచే ఈ దారం తెగదు, సాగుతుంది. నైలాన్, పాలియెస్టర్ నేసే నగరానికి ఆ నూలు గట్టితనం ఒకరు చెప్పవలసిన పని లేదు. అలాంటి దారం పట్టుకున్నవాడు పేచ్ గెలుస్తాడు, సందేహం లేదు. కాని గోల్ఫ్ రంధ్రాన్ని బకెట్టంత చేసుకుని బంతి వేసి గర్వపడేవానికి, ఇతనికి భేదం ఏమిటో చెప్పడం కష్టం. ఆ రంధ్రం వెడల్పు 108 మిల్లీమీటర్లని నిర్ణయించిన తరువాతనే అది ఆట అయినది. సంచిలో పద్నాలుగు కర్రలకు మించి ఉండరాదని పరిమితి పెట్టుకున్నదీ ఇందుకే.

ఇక్కడ పోయేది ఆట ఒక్కటే అయితే ఇంత చెప్పనక్కరలేదు. తెగిన పటం నుంచి వేలాడే దారం వీధికి అడ్డంగా దిగుతుంది. సూరత్ వంతెనల నగరం. తాపీ మీద, కాలువల మీద, రైలుమార్గాల మీద వంతెనలే. వాటి మీద స్కూటరుపై వెళ్లే మనిషి మెడ సరిగ్గా ఆ దారం ఎత్తులో ఉంటుంది. నూలు దారమైతే తగిలి, కోసి, చాలాసార్లు తెగిపోతుంది. నైలాన్ తెగదు, వాహనం వేగమంతా గొంతు మీద పడుతుంది. గుజరాతులోను, దేశంలోని ఇతర రాష్ట్రాలలోను ఇలా ప్రాణాలు పోయినవి, వారిలో చిన్నపిల్లలు కూడ ఉన్నారు. జాతీయ హరిత న్యాయాధికరణం 2017 జూలై 11న నైలాన్, ఇతర కృత్రిమ మాంజాలను దేశమంతటా నిషేధించింది. గాజుపొడి పూసిన నూలు దారం మీద కూడ ఆంక్షలు వస్తున్నవి. చక్రం తిప్పే కార్మికునికి ఇది దిగులు కలిగించే విషయమే, దానిని కాదనలేము. సాదా నూలుతో ఆడడం నేర్చుకున్న నగరానికి కూడ దారం చుట్టేవారు, కిన్నా కట్టేవారు కావలసి ఉంటారు గాని, ఆ మార్పు నడుమ కొన్ని సంవత్సరాలు ఎవరికి ఎలా గడుస్తాయన్నది వేరు మాట.

పండుగ రోజులలో ఫ్లైఓవర్ల మీద ద్విచక్ర వాహనాలను అనుమతించబోమని సూరత్ పోలీసులు ఉత్తర్వులిస్తూ ఉంటారు. కొన్ని వంతెనలపై దీపస్తంభాల మధ్య తీగలు కట్టి, పడే దారాన్ని పైనే ఆపే ఏర్పాటు చేస్తారు. జనవరి మొదటి వారం నుంచి స్కూటర్ల హ్యాండిళ్లకు వంకీవలె వంచిన ఉక్కు కడ్డీలు మొలుస్తాయి. మెడకు మఫ్లరు చుట్టుకోనివారు కనిపించరు; అది చలికి కాదు. బయటినుంచి కొత్తగా వచ్చినవారికి ఇవి వింతగా తోచవచ్చు. ఆ రెండు రోజులు స్కూటరు ఇంటి వద్ద ఉంచి నడిచి వెళ్లడమే సూరత్‌కు వచ్చే యాత్రికునికి ఇవ్వదగిన సలహా. పిల్లలను స్కూటరు ముందు నిలబెట్టుకోవడం అసలే కూడదు.

మేడ మీదివారికి కూడ కొన్ని జాగ్రత్తలున్నవి. పిట్టగోడ లేని డాబా మీద ఎగరేయరాదు. ఆకాశం చూస్తూ వెనక్కి నడిచేవానికి మేడ ఎక్కడ ముగుస్తుందో తెలియదు. అందుకే ఫిర్కీ పట్టినవారు అతని చొక్కా వెనుక భాగం కూడ పట్టుకుంటే తప్పు లేదు. విద్యుత్ తీగలకు చిక్కిన పటం అయిదు రూపాయల వస్తువు. దానిని ఇనుప కడ్డీతో లాగబోయినవారి కథలు ఆసుపత్రులకు తెలుసు. మెరిసే లోహపు పూత ఉన్న దారం తీగకు తగిలితే విద్యుత్తు చేతిదాకా వస్తుంది. చీకటి పడిన తరువాత దారానికి కాగితపు దీపాలు వరుసగా కట్టి ఎగరేసే తుక్కల్ చూడముచ్చటగా ఉంటుంది. మంట వెలిగించి గాలికి వదిలేసే ఆకాశదీపాలు వేరు. అవి ఎవరి ఇంటి మీద, ఏ బట్టల గోదాము మీద దిగుతాయో వదిలినవారికే తెలియదు. ఇన్ని బట్టలున్న నగరంలో అది వేడుక కాదు.

పక్షులకు ఉత్తరాయణం సెలవు కాదు. అవి రోజూవలె తెల్లవారుజామున గూళ్లనుంచి బయలుదేరి, పొద్దుగూకే వేళ తిరిగివస్తాయి. పావురాలు, కొంగలు, గద్దలు ఎక్కువగా దారాలలో చిక్కుకుంటాయి. రెక్క కోసుకుపోయిన పక్షి బతికినా మళ్లీ ఎగరగలదన్న నమ్మకం లేదు. గుజరాతు ప్రభుత్వం 2017 నుంచి ప్రతి జనవరిలో కరుణా అభియాన్ పేరుతో గాయపడిన పక్షులకు చికిత్సా శిబిరాలు నడుపుతున్నది. అటవీ శాఖవారు, పశువైద్యులు, స్వచ్ఛందంగా వచ్చిన విద్యార్థులు అట్టపెట్టెలలో పక్షులను పెట్టుకుని మోటారుసైకిళ్ల మీద తిరుగుతుంటారు. సూర్యోదయానికి, సూర్యాస్తమయానికి దగ్గర గంటల్లో పటం దించి ఉంచమని వారు ప్రతి ఏడూ కోరుతారు. ఆటగానికి దీనివల్ల పోయేది తక్కువ. తెల్లవారుజామున సాధారణంగా గాలి ఉండదు. సాయంత్రం కళ్లకు పటం కనిపించదు.

కాని ఆ వేళకే ఆకాశం నిండి ఉంటుంది. పగలంతా ఓడినవాడు పొద్దుగూకేముందు ఒక్కటైనా తెంచి దిగుదామనుకుంటాడు. చివరి హోల్ దగ్గర ఒక్క మంచి దెబ్బ పడితే చాలని చీకట్లో నిలబడే గోల్ఫ్ ఆటగానివలె అతడూ మరొక పటానికి కిన్నా కడతాడు. మేడ మెట్ల మీదనుంచి భార్య పిలుస్తుంది, తల్లి పిలుస్తుంది. పై నుంచి కొంగల బారు ఒకటి తాపీ వైపు పోతుంది. దానిని చూసి దారం చుట్టేయమని ఫిర్కీ పట్టిన పిల్ల చెబుతుంది. కొన్ని మేడల మీద చుట్టేస్తారు.

వాసీ ఉత్తరాయణ్ కూడ గడిచి 16వ తేదీ ఉదయం లింబాయత్‌లో మరమగ్గాలు మళ్లీ మొదలవుతాయి. ఆ చప్పుడు మధ్య వీధుల్లో పిల్లలు, కొందరు పెద్దలు తెగిన దారాలను చేతికి చుట్టుకుంటూ ఉండలు చేసి సంచులలో వేస్తుంటారు. ఒక్క వీధిలోనే మోయలేనంత సంచి నిండుతుంది. వేపచెట్ల కొమ్మల్లో, టెలిఫోను తీగల మీద చిక్కుకున్నది మాత్రం చేతికి అందదు. చివర కొక్కెం కట్టిన పొడుగాటి గడలతో ఇద్దరు ముగ్గురు యువకులు చెట్టుచెట్టుకూ ఆగుతూ దానిని కోసి దించుతుంటారు. శిబిరాలు 20వ తేదీ దాకా తెరిచే ఉంటాయి.